నూట ఇరవై ఎనిమిది పౌండ్ల డ్రైవరు

హెర్న్‌డన్, వర్జీనియా
ఏప్రిల్ 6, 2025

బావగారికి, మీ ఒక్కగానొక్క మరదలు దమయంతి నడుం సహకరించినంత మేరకు వంగి పెట్టిన నమస్కారం.

నిన్న ఫోన్‌లో చెప్పబోయిన సంగతి ఇది. అక్క స్పీకర్ పెట్టి, నేను ఒక మాట అనేలోగా తను నాలుగు అందుకుని, చివరికి గోంగూర నారు దగ్గర తేల్చింది. అందుకే ఈ ఉత్తరం. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట నేను డాక్టరుగా రెసిడెన్సీకి న్యూజెర్సీలో దిగినప్పుడు, జార్జియాలో కూర్చుని నాకు ఉత్తరాల్లో కారు నడపడం నేర్పిన మహానుభావులు మీరు. రెండు కార్ల మధ్య కారు పెట్టడం ఎలాగో బ్రిడ్జి ప్లానులాగా బొమ్మ గీసి, బాణాలు వేసి పంపారు. ఆ బొమ్మ పర్సులో పెట్టుకుని వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంజన్ ఉన్న ఏ విషయానికైనా నాకు మీ ఉత్తరమే ప్రమాణం.

మా గుర్రం బెల్లం ఉంటున్న ఫార్మ్ అమ్మేశారు. అక్కడ డేటా సెంటర్ కడతారట. ఆగస్టు 31 లోగా గుర్రాలన్నిటినీ తరలించాలి. ఈ చుట్టుపక్కల ఏ ఫార్మ్‌లోనూ చోటు లేదు. రిషిత సియాటిల్ నుంచి "అమ్మా, హీ ఈజ్ ట్వంటీ వన్, ఎవరికైనా ఇచ్చెయ్" అంటోంది. హైస్కూల్లో ఉండగా ఆ గుర్రం కొనిపెట్టకపోతే అన్నం తిననని కూర్చున్న పిల్ల ఇదే! అది ఉద్యోగానికి వెళ్ళిపోయింది, గుర్రం నాకు మిగిలింది. అరవై రెండో ఏట జీను ఎక్కాను. దాన్ని ఇచ్చెయ్యడం నా వల్ల కాదు బావగారూ.

"మా ఆరెకరాల్లో గడ్డి కోయించలేక చస్తున్నాం, గుర్రాన్ని తీసుకుని నువ్వూ వచ్చెయ్" అంది అక్క. వచ్చేస్తాను. రిటైరయ్యాక ఈ ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ మాట్లాడుకుంటున్నాం. మీ దగ్గర ట్రక్కు ఉంది. దానికి తగ్గ ట్రైలర్ నేను కొంటాను, మీరు వచ్చి లాగండి. ఎనిమిదేళ్ళుగా అది ఎరువు బస్తాలు తప్ప ఏమీ మోయలేదని అక్క అంటుంది.

గూస్‌నెక్ రకం మంచిదని ఇక్కడందరూ చెబుతున్నారు. మెడ బాతు మెడలా వంగి వచ్చి, ట్రక్కు వెనక తొట్టి మధ్యలో బిగించిన ఇనుప గుండు మీద కూర్చుంటుంది. బంపర్‌కి తగిలించేవాటికన్నా ఊగడం తక్కువట. ఒకటి చూశాను. మూడు గుర్రాలు పడతాయి, ముందు చిన్న గది, మంచం, స్టవ్వు, బాత్రూం. వెనక బెల్లం గడ్డి తింటుంటే ముందు మనం కాఫీ పెట్టుకోవచ్చు.

ఈ ఒక్క పేరా అక్కకి చదివి వినిపించకండి: గుర్రం ఎక్కడం మొదలుపెట్టాక నేను 128 పౌండ్లకి దిగాను. చిన్నప్పటి నుంచి నన్ను బొద్దుపిల్ల అన్నది అక్క. ఇప్పుడు ఆ బిరుదు ఎవరికి దక్కుతుందో మీరే తేల్చండి.

మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తూ,
దమయంతి

*

కమ్మింగ్, జార్జియా
ఏప్రిల్ 15, 2025

చిరంజీవి దమయంతికి, బావ నరసింహం ఆశీస్సులు, వాటికి తోడు కొన్ని అంకెలు.

అక్కకి వినిపించవద్దన్న పేరా నేను అక్క నోటి నుంచే విన్నాను. ఎలా అని అడగకు. రెండు రోజులుగా నా మజ్జిగలో నీళ్ళు ఎక్కువయ్యాయి.

ఇక నీ కాఫీ హోటల్ సంగతి. ట్రక్కు ఎంత లాగుతుందనేది అమ్మేవాడు చెప్పే మాట. ఎంత మోస్తుందనేది డ్రైవర్ తలుపు తీస్తే పక్క పట్టీ మీద అంటించి ఉన్న కాగితం చెప్పే మాట. మన ట్రక్కు పదిహేను వేల పౌండ్లు లాగుతుంది కానీ, మోసేది 2,480 మాత్రమే. గూస్‌నెక్ తన బరువులో దాదాపు పావు వంతు ట్రక్కు వీపు మీద వేస్తుంది. నువ్వు చూసిన మేడ, గుర్రంతో గడ్డితో నీళ్ళతో నిండితే పన్నెండున్నర వేలు. అందులో పావు వంతు 3,100 పైమాటే. మనం ఇంకా ఎక్కకుండానే ఆరువందలు మించిపోయింది. అందులో కాఫీ తాగాలని అంత ఉంటే ఇంటి ముందు నిలబెట్టుకుని తాగు.

నలభై ఏళ్ళు బ్రిడ్జిలు కట్టాను. వాటి మీద బరువెంతని ఎవరూ అడగరు, అవి పడిన రోజున తప్ప. నేను ముందే అడిగే రకం. చిన్నది చూడు. రెండు గుర్రాలది చాలు.

ఇంకో సంగతి. మా వంటింటి గుమ్మం మధ్యలో వంగింది. పునాది కుంగిందేమోనని రసమట్టం పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలోనే ఉంది. రసమట్టం పాతదైపోయిందని కొత్తది తెప్పించాను. అదీ అదే చెబుతోంది. పునాదులు చూసేవాడు వచ్చి, గుమ్మాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. నాకైతే వంకర స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

బెల్లానికి ఒక క్యారెట్ నా పేరు చెప్పి పెట్టు.

నీ బావ

*

హెర్న్‌డన్
ఏప్రిల్ 27, 2025

రసమట్టాలతో పోట్లాడుతున్న బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. ఆ మార్కర్ పెన్ను ఏమిటి, ఆ అక్షరాలేమిటి! ఒక్కొక్క 'క్ష' పెసరట్టంత ఉంది. పాతిక వాక్యాలకి ఏడు కాగితాలు. పోస్టాఫీసు వాళ్ళని పోషిద్దామనా? నా క్లినిక్‌కి వచ్చే ఒకటో తరగతి పిల్లలు ఇంతకన్నా పొదుపుగా రాసేవాళ్ళు.

గుమ్మం సంగతి రిషితకి చెప్పాను, పడీ పడీ నవ్వింది. బుడగ మధ్యలో ఉన్నా నమ్మని ఇంజనీర్ని మిమ్మల్నే చూశాను. అక్కని పిలిచి చూపించండి, అక్క చూపుకి ఏ వంకరైనా సర్దుకుంటుంది.

రెండో సంబంధం చూశాను. రెండు గుర్రాలది, ఇనుముది, అయిదు వేల రెండువందల పౌండ్లు. బెల్లం పదకొండువందలు, గడ్డీ జీనూ నీళ్ళూ కలిపి అయిదువందలు వేసుకోండి. మీ పావు వంతు లెక్క నాకూ వచ్చేసింది, 1,700. వెనకవైపు తలుపే కిందికి వాలి గుర్రం ఎక్కడానికి వాలుబల్ల అవుతుంది. ట్రైలర్‌ని విడిగా నిలబెట్టే ముందు ఇనుప కాలుని చేత్తో తిప్పి పైకెత్తాలి, కిందికి దించాలి. రంగు మెరూన్. అమ్మే ఆవిడ పద్ధతైన మనిషి. మరి పిల్ల నచ్చినట్టేనా?

దమయంతి

*

కమ్మింగ్
మే 9, 2025

పెళ్ళిళ్ళ పేరమ్మకి ఆశీస్సులు.

పిల్ల నచ్చలేదు. బరువు సరే. ఆ వాలుబల్లని కిందికి దించడం తేలిక, మళ్ళీ ఎత్తి మూయాలంటే వంద పౌండ్లు పైకి లేపాలి. దారిలో ఆగిన ప్రతిసారీ. ఆ ముందు కాలుకి అరవై చుట్లు. ఎవరు తిప్పుతారు? గుర్రం నేరుగా అడుగు వేసి ఎక్కేది చూడు. కాలు కరెంటుతో నడవాలి, మీట నొక్కితే దిగాలి. వెనక కెమెరా కూడా ఉండాలి.

ఎవరికీ చెప్పకుండా రెండు విషయాలు రాసి పంపు. నీ ఎత్తు ఎంత? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ట్రైలర్ తగిలించేటప్పుడు తొట్టిలోకి ఎక్కి గొలుసులు వేయాలి. అందుకని అడుగుతున్నాను.

లెక్క ఇదీ. ట్రక్కు మోసేది 2,480. నీ మెరూన్ పిల్ల మెడ వేసే బరువు 1,700. గుండూ దాని ఇనుమూ 150. డ్రైవర్ 128. పక్క సీట్లో మనిషి 171. మిగిలింది 331. అందులోనే బట్టలూ, నీ గ్రైండరూ, మీ అక్క కోసం నువ్వు తెచ్చే జాడీలూ అన్నీ సర్దాలి. మొన్న నువ్వు వచ్చినప్పుడు ఆవకాయ ఒక్కటే నలభై పౌండ్లు తూగింది. ఏ ట్రైలర్ పుస్తకంలోనూ ఆవకాయకి గడి ఉండదు. మన ఇళ్ళలో అది తప్పకుండా వేసుకోవాలి.

నీ బావ

*

హెర్న్‌డన్
మే 20, 2025

బావగారికి, నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేసిన మరదలి నమస్కారం.

డ్రైవర్ 128 పౌండ్లా! ఏ జన్మలో? పెళ్ళిపీటల మీద కూడా మీరు అంత తక్కువ లేరు, తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నేను మీ పక్కనే ఉన్నాను. సరే, మగవాళ్ళకీ ఆశలుంటాయి. కానీ పక్క సీట్లో 171 అని ఎలా రాశారండీ? అక్కని అంత మాట అని ఇంకా ఇంట్లోనే ఉన్నారా? ఈ ఉత్తరం మాత్రం అక్క కంట పడనివ్వకండి, చదివేసి చించెయ్యండి.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎందుకు అడిగారో గానీ, నాకు సంబంధాలు చూడడం లేదు కదా?

మూడోది దొరికింది. అల్యూమినియం. ఖాళీగా 4,400. అన్నీ వేస్తే ఆరు వేలు, మెడ బరువు 1,500. గుర్రం నేరుగా ఎక్కుతుంది, కాలు మీట నొక్కితే దిగుతుంది, కెమెరా ఉంది. మీరు అడిగినవన్నీ ఉన్నాయి. జూన్ మొదటి వారంలో ట్రక్కు వేసుకుని రండి. గుత్తొంకాయ చేసి పెడతాను.

దమయంతి

*

కమ్మింగ్
జూన్ 3, 2025

దమయంతికి ఆశీస్సులు.

171 వల్ల మీ అక్క నాతో మూడు రోజులు మాట్లాడలేదు. తన బరువు కాదని ఎంత చెప్పినా వినదు. మరెవరిదంటే చెప్పలేని పరిస్థితి నాది.

జూన్‌లో రావడం కుదరదు. ఆ మూడో ట్రైలర్ ముక్కు కింది అంచుకీ, ట్రక్కు తొట్టి గోడ పైఅంచుకీ మధ్య కనీసం ఆరంగుళాలు సందు ఉండాలి. లేకపోతే ఎత్తుపల్లాల రోడ్డు మీద గోడకి రాసుకుంటుంది. మన ట్రక్కు గోడ నేల నుంచి యాభై ఎనిమిది అంగుళాలు. నువ్వు ట్రైలర్‌ని సమంగా నిలబెట్టించి ముక్కు ఎత్తు కొలిచి రాయి. తొందరేముంది? ఆగస్టు ఇంకా దూరం.

నీ బావ

*

హెర్న్‌డన్
జూన్ 18, 2025

బావగారికి,

కొలిచాను. అరవై అయిదు. అంటే ఏడంగుళాల సందు, మీరు అడిగినదానికన్నా ఒక అంగుళం ఎక్కువే. ఇక మీ దగ్గర ఏ వంక మిగిలిందో నాకు తెలియదు.

ఈసారి వేళాకోళం రావడం లేదు. మొదటిది బరువన్నారు. రెండోది వాలుబల్లన్నారు. మూడోదానికి అన్నీ కుదిరితే జూన్ వద్దన్నారు. ఆదివారం ఫోన్ చేస్తే "బావ పడుకున్నాడే" అంది అక్క. మధ్యాహ్నం పన్నెండింటికి! వెనక మీ దగ్గు వినబడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

గుర్రం రావడం మీకు ఇష్టం లేదేమో. లేకపోతే నేను రావడమే ఇష్టం లేదేమో. అక్క నోరు జారి పిలిచింది, మీరు కాదనలేక అంకెల చాటున దాక్కున్నారు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను అర్థం చేసుకోనా? పెన్సిల్వేనియాలో ఒకాయన బెల్లాన్ని తీసుకుంటానన్నాడు. ముసలి గుర్రాల్ని కొని కబేళాకి పంపేవాళ్ళూ ఉంటారట. ఈయన ఎందుకు తీసుకుంటాడో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. జూలై 5 లోగా చెప్పమన్నాడు. మీ దగ్గర నుంచి మాట రాకపోతే ఆయనకి సరే అనేస్తాను.

దమయంతి

*

కమ్మింగ్
జూన్ 23, 2025

అమ్మా దమయంతీ,

నీ ఉత్తరం రాగానే ఇది రాసి ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. పెన్సిల్వేనియా ఆయనకి కుదరదని చెప్పు. ముందు ఆ ఫోన్ చేసి వచ్చి, తర్వాత మిగతాది చదువు.

రసమట్టం అబద్ధం చెప్పలేదు. గుమ్మం వంగలేదు. నా కళ్ళు వంగాయి.

ఏప్రిల్ నెలాఖరున డాక్టర్ దగ్గరికి వెళితే గళ్ళ కాగితం ఒకటి చూపించి గీతలు ఎలా ఉన్నాయని అడిగింది. బురదలో పోసిన కాంక్రీటులా ఉన్నాయన్నాను. కంటి వెనక మధ్య భాగం పాడవుతోందట. రెండు కళ్ళకీ నెలనెలా సూది. ఉన్న చూపు నిలబడచ్చు, పోయింది మాత్రం రాదంది. మనిషి వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇక డ్రైవింగ్ వద్దంది. మీ అక్క అదే రోజు ట్రక్కు తాళాలు తీసుకుని బియ్యం డబ్బాలో దాచింది. అవి అక్కడున్నాయని నాకు తెలుసు, నాకు తెలుసని తనకీ తెలుసు.

ఎవరికీ చెప్పవద్దని మీ అక్క చేత ఒట్టు వేయించుకున్నాను. చెబితే అందరూ ఏమంటారు? ట్రక్కు అమ్మెయ్యమంటారు. జీవితంలో కొన్నవన్నీ ఎవరికోసమో కొన్నాను, ఇదొక్కటే నాకోసం కొన్నాను. ఇప్పుడు అమ్మితే నా కళ్ళు కూడా కలిపి అమ్మినట్టు అనిపించింది. చాలా సిగ్గేసిందమ్మా.

నువ్వు రావడం ఇష్టం లేదన్నావు. నా మే నెల ఉత్తరం తీసి లెక్క మళ్ళీ చూడు. డ్రైవర్ 128. ఆ అంకె నేను కలలో కన్నది కాదు, ఏప్రిల్‌లో నువ్వు గొప్పగా రాసుకున్నదే. పక్క సీట్లో 171 నేను. ఆ వాలుబల్ల ఎత్తలేకపోయేది నేను కాదు, అయిదడుగుల రెండంగుళాల మనిషి. అరవై చుట్లు తిప్పాల్సింది నీ చెయ్యి. తొట్టిలోకి ఎక్కాల్సింది నీ మోకాళ్ళు. డాక్టర్ దగ్గర నుంచి వచ్చిన రోజు నుంచీ నేను ట్రక్కుకి ట్రైలర్ వెతకడం లేదు, నీకు వెతుకుతున్నాను. "ట్రక్కు నువ్వు నడుపు" అన్న మూడు ముక్కలు మాత్రం చేతికి రాలేదు. అంకెల్లో రాసి, నువ్వే కనుక్కుంటావులే అనుకున్నాను. నువ్వేమో మీ అక్క బరువు దగ్గర ఆగిపోయావు.

మూడో ట్రైలర్ బాగుంది. కొను. గుర్రాన్ని తీసుకుని రా. నువ్వు రావాలి.

నీ బావ

ఒసేయ్ దమ్మూ, అక్కని. ఏప్రిల్ నుంచీ నీ ఉత్తరాలన్నీ ఈయనకి చదివి వినిపిస్తున్నది నేనే. 'అక్కకి వినిపించకండి' అన్నచోట కాస్త గొంతు పెంచి చదివాను. ఆదివారం అబద్ధం చెప్పించింది కూడా ఈయనే, నాకు చేత కాలేదు, నీకు తెలిసిపోయింది. నా బరువు 152. రాసిపెట్టుకో.

*

హెర్న్‌డన్
జూలై 1, 2025

బావగారికి,

పెన్సిల్వేనియా ఆయనకి చెప్పేశాను. ట్రైలర్ కొనేశాను.

ముప్పై మూడేళ్ళు డాక్టరుగా చేశాను. తిన్నని గుమ్మం వంకరగా కనిపిస్తోందని ఒక మనిషి రాస్తే, పెసరట్టంత అక్షరాలతో రాస్తే, నేను జోకులేశాను. నా కూతురికి చెప్పి నవ్వించాను. పిల్లల డాక్టర్ని కదా, పెద్దవాళ్ళ కళ్ళు నాకేం తెలుసని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను కానీ, అది అబద్ధం. మీకేమీ కాదని అనుకోవడం నాకు అలవాటైపోయింది. క్షమించండి.

ఇక పని. ఫార్మ్ యజమాని భార్య తన ట్రక్కూ ట్రైలరూ ఇచ్చి రోజూ పొద్దున గంటసేపు నేర్పుతోంది. ముందుకి పర్వాలేదు. వెనక్కి వెళ్ళాలంటే నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది, అచ్చం అక్కలాగే. నిన్న కంచె కర్ర ఒకటి విరిచాను. బెల్లం చూస్తూనే ఉంది, తల తిప్పుకుంది.

జూలై 19న అట్లాంటాలో విమానం దిగుతాను. బియ్యం డబ్బాలోంచి తాళాలు తీయించండి. 171 పౌండ్ల వారు పక్క సీట్లో కూర్చుంటే ఇద్దరం వర్జీనియా వెళ్ళి గుర్రాన్ని తెచ్చుకుందాం. ట్రక్కు మీ పేరు మీదే ఉంటుంది. కాఫీకి ఎక్కడ ఆగాలో మాత్రం నేను చెబుతాను.

ఒక చిక్కు ఉంది. పొద్దున తూచుకున్నాను. 131. నేర్పే ఆవిడ రోజూ చిరుతిండి పెడుతోంది. మీ లెక్క తప్పుతుందేమో చూడండి.

మీ డ్రైవర్,
దమయంతి

*

కమ్మింగ్
జూలై 8, 2025

మా డ్రైవర్‌కి,

వెనక్కి వెళ్ళేటప్పుడు చెయ్యి స్టీరింగ్ పైభాగంలో పెట్టకు. అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట పట్టుకో. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్ళాలో చేతిని అటే జరుపు. కొంచెం జరుపు, ఆగు, చూడు. మళ్ళీ జరుపు. కంగారు పడితే ముందుకి వచ్చి మొదలుపెట్టు, అందులో నామోషీ లేదు. బొమ్మ గీశాను. గీతలు నాకు వంకరగా కనిపిస్తున్నాయి. మీ అక్క స్కేలు పెట్టి చూసి తిన్నగానే ఉన్నాయంది. ఈసారి నమ్మాను.

తాళాలు కడిగి, గుమ్మం పక్కన మేకుకి తగిలించింది.

మూడు పౌండ్ల గురించి బెంగ పెట్టుకోకు. నేను నిన్న తూచుకున్నాను. 168. లెక్క సరిపోయింది. రా.

నీ బావ